నా రంగు పౌడరు

వ్యాసర్పాడి, 1997, శనివారం రాత్రి

ఆడపిల్లలా తయారవ్వాలని మొదటిసారి భయం భయంగా చేతికందిన పౌడరు తెచ్చుకుంటే, నా నల్లటి ముఖం మీద బూడిద పూసినట్టయింది. ఇవాళ అలా కాకూడదనుకునే వెళ్ళాను.

ఫ్యాన్సీ స్టోరులో అక్క, "ఎవురికి తమ్ముడూ, చెల్లెలికా?" అనింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళున్నారు.

"నాకేనక్కా."

ఆమె నన్ను కాసేపు చూసి, తెల్ల పౌడరు డబ్బా తీసింది. "ఇది పూస్తే తెల్లంగా అగపడతావు."

"తెలుపు వద్దక్కా. నా రంగుది ఉంటే ఇయ్యి."

అడుగు అరలో వెతికి రెండు గోధుమరంగువి తీసింది. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకేలా ఉన్నాయి. గుమ్మం బయట ఎండలోకి వచ్చి, దవడకి చెరో పక్కా రాసుకున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అక్క అద్దం తెచ్చి తనే పట్టుకుంది. ఎడమ పక్క కాస్త ఎర్రగా కొట్టింది. కుడి పక్క పౌడరు ఉందో లేదో తెలియనంతగా కలిసిపోయింది. అదే తీసుకున్నాను.

రేపు చర్చిలో ఈ ముఖంతోనే అమ్మ పక్కన కూర్చుంటాను. నన్నింకా కొడుకనే అనుకుంటోంది. ఏమంటుందో... ఏమన్నా సరే, తుడుచుకోను.