బోర్డు నిండా రాశాను కదరా

ఆగస్టు 11, సోమవారం

గౌరవనీయులైన అన్నయ్యకు,

నమస్కారాలు. ఎప్పుడూ ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడతాను. ఇవాళ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

నీ షాపు బోర్డు గురించే. నువ్వు గడియారాల రిపేరు షాపు తెరిచిన రోజు, నాన్న రాసిన బోర్డు మీది గుడ్డ తీయగానే ఏం కనిపించింది? ఎడమవైపు సగం ఖాళీ. కుడివైపు సగంలో అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కుంచె వదిలేసి గడియారాలు పట్టుకున్నందుకు నలుగురిలో నా పరువు తీశారని నువ్వు అరిచావు. బోర్డు నిండా రాశాను కదరా అన్నారు నాన్న. అది వెటకారం అనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పటినుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు.

నాన్న బోర్డుల సంగతి మనకి కొత్తా? కొలవరు, గీత గీయరు. ఒత్తులు ఎగిరిపోతాయి, చివరి అక్షరాలు చోటు చాలక అంచున వేలాడతాయి. అడిగితే, షాపుకి జనం వస్తున్నారా లేదా అని ఎదురు అడుగుతారు. కానీ ఒక్క పద్ధతి మాత్రం తప్పరు. ఎడమ అంచు నుంచి బొటనవేలంత వదిలి మొదటి అక్షరం పెట్టాలి. మన చేతికి కుంచె ఇచ్చిన రోజు నేర్పిందీ అదే.

మొన్న బట్టలు తేవడానికి ఇస్త్రీ షాపుకి వెళ్ళాను. నాన్న కొత్తగా రాసిన బోర్డు. మొదటి అక్షరం నట్టనడుమ ఉంది! చివరివి కుడి అంచు వెంబడి కిందికి దిగిపోయాయి. మిగతా సగం అద్దెకిచ్చుకోమని వదిలారేమో అని ఇస్త్రీ ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. నీ మీదంటే కోపం. పాపం ఇతని మీద నాన్నకేం కోపం?

ఇంటికొచ్చేసరికి నాన్న గడ్డం గీసుకుని కూర్చున్నారు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నురుగు అలాగే ఎండిపోయింది. భోజనానికి కూర్చుని, కూర వెయ్యలేదేమని అమ్మని కసిరారు. కూర కంచంలోనే ఉంది, ఎడమవైపు. అమ్మ కంచం తిప్పి పెట్టింది. కొన్నాళ్ళుగా అలాగే తిప్పుతోందట, చాదస్తం అనుకుందట!

మర్నాడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మనకెవరికీ తెలియకుండా మెదడులో రక్తం గడ్డకట్టిందట. నీ షాపు తెరవకముందే అయి ఉంటుందట. కళ్ళు బాగానే ఉన్నాయి. ఎడమవైపు అనేది ఒకటుందన్న సంగతే ఆయన మనసుకి అందదట. మందులు వాడి, సాధన చేయిస్తే కొంత కోలుకోవచ్చన్నారు. నాన్న మాత్రం నాకేం జబ్బు, డాక్టరుకే మతి లేదు అంటున్నారు.

అన్నయ్యా, ఆయన నిజంగానే బోర్డు నిండా రాశారు. ఆయనకి ఉన్న బోర్డు అంతే.

ఆ బోర్డు పీకించి కొత్తది పెట్టిస్తానన్నావు. నీ ఇష్టం. ముందు ఒక్కసారి ఇంటికి రా.

నీ చెల్లెలు,
వాగుడుకాయ

తా.క. ఇది మడతపెడుతుంటే ఎవరికని నాన్న అడిగారు. నీకని చెప్పాను. నువ్వు అరిచినందుకు ఆయనకి కోపం లేదట. గుడ్డ తీయకముందు ఫొటో తీసినప్పుడు కన్నకొడుకై ఉండి పక్కన నిలబడలేదని బాధట. ఇప్పుడే ఆ ఫొటో వెతికి చూశాను. నువ్వు ఆయన పక్కనే ఉన్నావు, నవ్వుతూ, ఎడమవైపు. వచ్చినప్పుడు కుడివైపు నుంచి రా.