గెంతే రికార్డు గడప దాటనివ్వకు

చెల్లీ,

నేనిక్కడ బాగానే ఉన్నాను గానీ, నీ కార్డు చదివిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా ఈ పాత రికార్డుల కొట్లో తిరుగుతున్నాను. నాన్న వినే జాజ్ రికార్డు పట్టుకెళ్ళి, గీతల్లేని కొత్తది ఇస్తానన్న ఆ బేరగాడికి మాట ఇచ్చెయ్యకు. పొద్దున మా కొట్టుకి అదే రికార్డు వచ్చింది. మనింట్లో గీత పడ్డచోట ట్రంపెట్ పాట గెంతితే నాన్న పకపకా నవ్వుతాడే, ఆ చోట ఇది సాఫీగా వెళ్ళిపోయింది. "ఇది అసలుది కాదండీ!" అనేశాను అందరి ముందూ. ఓనరు దాన్ని వెలుతురుకి వాల్చి, లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో చేత్తో గీకిన అక్షరాలు చూపించాడు. "ఈ కంపెనీ మొదటి అచ్చుకే ఇవి ఉంటాయి, దానికే మంచి ధర. గెంతేది మీ ఇంట్లోది ఒక్కటే బాబూ" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నువ్వూ మనదాన్ని కిటికీ దగ్గర వాల్చి చూడు. అక్షరాలుంటే ఆ బేరగాడికి మనమీద అంత దయ ఎందుకో తెలిసిపోతుంది. దుమ్ముందని తడిగుడ్డ మాత్రం పెట్టకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కుళాయి బాగుచేయించారా? పెద్దవాళ్ళకి నమస్కారాలు, నీకు దీవెనలు.

అక్షరాలు లేకపోయినా సరే, ఇవ్వకు. పాట గెంతకపోతే ఎక్కడ నవ్వాలో తెలియక నాన్న వెతుక్కుంటాడు.

అన్నయ్య