ఫిన్లండ్ గుర్రానికి ఏమైంది?

సెయింట్ జాన్స్, 1988 జనవరి

డ్రుసిల్లా అత్తయ్యకు,

మేనల్లుడు హెడ్లీ బోలెడు ప్రేమతో రాస్తున్నాడు. మీ టిన్‌పాట్ కోవ్ రేవు పల్లెలో చర్చి హాల్లోకి టీవీ, వీడియో ప్లేయరు వచ్చాయనీ, శుక్రవారం శుక్రవారం ఊరంతా కూర్చుని తుపాకుల సినిమాలు చూస్తున్నారనీ నాన్న చెప్పాడు. కడుపు తరుక్కుపోయింది అత్తయ్యా.

పగలంతా కస్టమ్స్ ఆఫీసులో ముద్రలు కొట్టి, సాయంత్రాలు నేను చేసేది సినిమాలు జల్లెడ పట్టడమే. చూడదగ్గది ఒకటి దొరికిందంటే ఇంకొకరికి చూపించేదాకా తిండి సయించదు. ఆఫీసువాళ్లు నన్ను చూసి ఇంకో మెట్ల దారిన పోతున్నారు. ఇక మీరే దిక్కు.

ఈ వారం బోటులో ఒక ఫిన్లండ్ సినిమా పంపుతున్నాను. మొదటి అరగంట మంచు పడుతుంది, అంతే. ఓపిక పట్టండి. ఆ తర్వాత మీరు మునుపటి మనుషులు కారు.

మీ హెడ్లీ

తా.క.: మధ్యలో టీ ఇవ్వకండి. పట్టు సడలిపోతుంది.


టిన్‌పాట్ కోవ్, ఫిబ్రవరి

ఒరేయ్ హెడ్లీ,

అత్త దీవెనలు. నీ సినిమా వేశాం. ఊరు ఊరంతా మెచ్చుకుంది. మళ్లీ వెయ్యమంటే మళ్లీ వేశాం. సారా పీపాలు దొంగచాటుగా మోసే ఆ పొడుగాటి పోస్టుమాన్ ఆడవాళ్లందరికీ తెగ నచ్చేశాడు. వాడి వదిన వాణ్ణి గోతాంలో దాచినప్పుడు పాస్టరుగారు కూడా నవ్వారు. ఇంత సరదా సినిమాని ఏదో చావు కబురులా రాశావేమిట్రా?

టీ ఇవ్వలేదు. కాఫీ ఇచ్చాం.

నీ డ్రుసిల్లా అత్త

తా.క.: ఆ గుర్రం పేరేమిటి? పిల్లలు అడుగుతున్నారు.


సెయింట్ జాన్స్, ఫిబ్రవరి

అత్తయ్యా,

ప్రేమలు తర్వాత, ముందు ఒక్క మాట అడగాలి. మీరు చూసింది ఏ సినిమా?

నేను పంపినదాంట్లో పోస్టుమాన్ లేడు. సారా లేదు. వదిన అసలే లేదు. మీరు వదిన అనుకున్నావిడ జ్ఞాపకాల్లో కనిపించే, ఎప్పుడో చనిపోయిన తల్లి. తండ్రి పోయాక మాటలు మానేసిన ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల మధ్య ఒక గుర్రం. కథ అది. కింద ఇంగ్లీషులో అక్షరాలు పడుతూనే ఉంటాయి కదా, ఒక్కరూ చదవలేదా?

అయోమయంలో,
హెడ్లీ

తా.క.: గుర్రానికి పేరు లేదు. పైగా అది చచ్చిపోతుంది.


టిన్‌పాట్ కోవ్, మార్చి

హెడ్లీ,

దీవెనలు ఈసారి సగమే. గుర్రం చావలేదు, పడుకుంది. నీకు ఇంతమాత్రం ఎందుకు తెలియలేదో నాకర్థం కాదు. మా ఊరి ఆబ్నర్ పార్డీ స్పష్టంగా చెప్పాడు. కుర్రతనంలో విదేశీ ఓడల మీద పనిచేసిన మనిషి. తెర మీద వాళ్లేమంటున్నారో ఆయనే వెనక బల్ల మీద కూర్చుని మాకు చెబుతాడు. నువ్వు పుస్తకాలు చదివి నేర్చుకున్నావు, ఆయన రేవుల్లో తిరిగి నేర్చుకున్నాడు.

మొన్న మూడోసారి వేస్తే పోస్టుమాన్‌కి పెళ్లి కూడా అయింది.

అత్త

తా.క.: పాస్టరుగారి భార్య ఆ గుర్రం కోసం ప్రార్థన చేయించింది. ఇప్పుడు చచ్చిందంటే బాగుండదు.


సెయింట్ జాన్స్, మార్చి

అత్తయ్యా,

దొంగ దొరికాడు. మూడోసారికి పెళ్లయిందా? క్యాసెట్‌లో కథ వారం వారం మారుతుందా? ఇక్కడి రేవులో ఒక ఫిన్లండ్ నావికుణ్ణి పట్టుకుని సినిమా వేసి చూపించాను. పోస్టుమాన్ సంగతి చెబితే పాపం చాలాసేపు నా వంక జాలిగా చూశాడు.

మీ ఆబ్నర్‌కి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మీ అందరి చెవుల్లో పువ్వులు పెడుతున్నాడు. లోకంలో మంచి సినిమాలే తక్కువ. అందులో ఒకదాన్ని ఇలా పాడుచేస్తుంటే చేతులు ముడుచుకు కూర్చోలేను. సెలవు పెట్టాను. వచ్చే బోటుకి నేనే వస్తున్నాను. కింద ఇంగ్లీషు పెద్దగా పడే, పెద్ద అక్షరాల కాపీ తెస్తున్నాను. ముందుగా లేచి నిలబడి అసలు కథేమిటో నేనే చెబుతాను. ఆయన్ని నోరు మూసుకుని వినమనండి.

హెడ్లీ

తా.క.: గుర్రం చావు దేవుడి మౌనానికి గుర్తు. ఆ సంగతీ చెబుతాను.


టిన్‌పాట్ కోవ్, బోటు కదిలే ముందు

నా బంగారు హెడ్లీ,

నువ్వు బోటెక్కకముందే ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టమని కెప్టెనుకి మరీమరీ చెప్పాను. రేవులోనే చదువు.

రెండేళ్ల కిందట ఆబ్నర్ కొడుకు మంచు మీద సీలు జంతువుల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కొట్లో కావలసినదాని వైపు వేలు చూపించేవాడు. అంతే.

నీ సినిమా వేసిన మొదటి రోజు నేను బన్నుల పళ్లెం టీవీ ముందు పెట్టాను. కింద అక్షరాలు దాని వెనక దాగిపోయాయి. మంచు పడుతోంది, పడుతూనే ఉంది. పిల్లలు నసుగుతున్నారు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు: "నా గుర్రాన్ని ఎవడు తోలుకుపోయాడు అంటున్నాడు." ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదురా. తిరిగితే ఆపేస్తాడేమోనని భయం.

బన్నులు అయిపోయాయి. పళ్లెం నేను తియ్యలేదు. తర్వాతి శుక్రవారాలు నా శాలువా మడిచి, అక్షరాలు కనబడకుండా టీవీ కింది అంచుకి వేలాడదీశాను. ఆయన కల్పించి చెబుతున్నాడని ఊళ్లో అందరికీ తెలుసు. గుర్రం చచ్చిపోయిందనీ తెలుసు, కళ్లున్నాయిగా. "పడుకుంది, లేస్తుంది" అన్నాడు ఆబ్నర్. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

అయినా ఇది నువ్వు ఏరిన సినిమా కాబట్టే అయింది. తుపాకుల సినిమాల్లో ఆయనకు మాట దూర్చే సందెక్కడిది? తెర మీద ఇద్దరూ అలా మాటల్లేకుండా కూర్చుంటే పాపం ఆయన ఉండలేకపోయాడు. నీ సినిమా మంచిదేరా.

రా. తప్పకుండా రా. పెద్ద అక్షరాల కాపీ అక్కడే వదిలేసి, ఇలాంటిదే ఇంకోటి చూసి పట్టుకురా. వెనక బల్ల మీద ఆయన పక్కన నీకు చోటు ఉంచుతాను.

ఎదురుచూస్తూ,
అత్త

తా.క.: నార్వేవాళ్లది మాత్రం తేకు. ఆ భాష ఆయనకు నిజంగానే కొంచెం వచ్చు.