భుజం ఎలా ఉందమ్మా?

బాబాయ్,

మీ క్షేమం అడగను. అలా అడగడం దేనికి పనికొస్తుందో మీ దగ్గరే నేర్చుకున్నాను.

మ్యాచ్ ముందురోజు మీరు ఫోన్ చేసి "భుజం ఎలా ఉందమ్మా?" అంటే, బంతిని దూరం విసరలేకపోతున్నానని చెప్పాను. అమ్మకు కూడా చెప్పని మాట అది. ఆ సాయంత్రమే టీవీలో క్రికెట్ జోస్యాలు చెప్పే మీ కుర్చీలో కూర్చుని, గెలిచేది అవతలి దేశం అమ్మాయిలేనని తేల్చేశారు, నా భుజం సంగతి చెప్పి మరీ! వాళ్ళకు చెవులు లేవా? బంతి నా వైపు వచ్చిన ప్రతిసారీ ఇంకో పరుగు లాగారు. ఓడిపోయాం. అదీ ఒక జోస్యమేనా? ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?

"నీ నొప్పి అందరికంటే ముందు కనిపెట్టింది బాబాయేనే" అని అమ్మ ఇంకా మురిసిపోతోంది.

ఇకమీదట మీరెప్పుడు అడిగినా నేను బాగానే ఉంటాను.

మీ అన్న కూతురు