సరళకు అర్థమైన పాఠం

గురువారం, ఆండర్సన్‌పేట

సాయంత్రం నా కాలేజీ స్నేహితురాలు సరళ ఫోన్ చేసింది. తెలుగులో పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పుతూ నేను పెడుతున్న వీడియోల్లో ఆరోది చూసిందట. ఒక్కో తట్టలోని పట్టుపురుగులకు వరసగా మల్బరీ ఆకు వేసినట్టే, లూప్ కూడా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తుందని అందులో చెప్పాను.

"ఆ లూప్ నేనే ఫోన్‌లో టైప్ చేసినానే! మా తట్టల నంబర్లన్నీ వరసగా వచ్చినాయి" అంది. కాలేజీలో మా ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో ముందు పట్టేది తనే. పెళ్లయి పల్లెకు వెళ్లి పట్టుపురుగుల పెంపకంలో పడ్డాక తన చదువు ఆగిపోయింది. అసలు ఈ పాఠాలు మేమిద్దరం కలిసి చేయాలని అప్పట్లో అనుకున్నవి.

"ఆదివారం రావే, పక్కపక్కన కూర్చుని చేద్దాం" అన్నాను.

"యాడ వచ్చేది? పూటపూటకీ పురుగులకు ఆకు వేయాల. నువ్వు చెప్తా ఉండు, నేను వింటా ఉంటా."

ఆ తర్వాత ఏడో పాఠం రికార్డు చేశాను. మధ్యలో "ఇక్కడ చూడు సరళా" అనేశాను. ఆ ముక్క తీసేద్దామని రెండుసార్లు విన్నాను. తీయబుద్ధి కాలేదు. అలాగే ఉంచేశాను.