ముందు చెల్లిని పంపేద్దాం

అన్నయ్యకు,

నమస్కారాలు. అమ్మా నేనూ కులాసా. నువ్వూ కులాసా అయితేనే అలా రాయి, మొహమాటానికి వద్దు.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కుతోంది, ఎక్కినంతసేపూ వాటిని తిడుతోంది. కళ్లద్దాల దుకాణంలో నా పని మామూలే. అద్దాలు అరగదీసే యంత్రం కొత్తది తెచ్చారు. చప్పుడు తగ్గేసరికి అందరి మాటలూ వినబడుతున్నాయి, అదో బాధ.

ఆదివారం ఆటకు ఎందుకు రావడం లేదన్నావు. ఫోన్‌లో చెబితే మధ్యలోనే నువ్వు బుజ్జగించేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఫోన్లలో ఆడే ఆ ఆటలోకి నిన్ను తెచ్చింది నేనే. ఆరుగురిలో ఇద్దరు దొంగలు, మాటల్ని బట్టి పసిగట్టి ఓట్లతో బయటికి పంపాలి. దూరాన ఒక్కడివే ఉన్నావు, నా స్నేహితులతో కాసేపు నవ్వుకుంటావనుకున్నాను. నేను దొంగనైన ప్రతిసారీ ఇట్టే పట్టేసేవాడివి. "నీ గొంతు తేడా నాకు తెలీదా" అనేవాడివి. పరీక్ష తప్పి, దుకాణంలో నాతో పనిచేసే నా స్నేహితురాలు పిచ్చుకకు తప్ప ఎవరికీ చెప్పకుండా ఏడ్చిన రోజున నువ్వే ఫోన్ చేసి, "ఎందుకో గుర్తొచ్చావు, మనసు బాలేదా?" అన్నావు. మా అన్నయ్య నా మనసు చదివేస్తాడని వారం రోజులు మురిసిపోయాను.

పోయిన నెల పిచ్చుక తన ఫోన్ నా చేతికిచ్చి, ఎవరిదో నంబరు వెతకమని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. అప్పుడే నీ మాట తెర మీద పడింది. "ఈసారి ముందు చెల్లిని పంపేద్దాం. దానికి అనుమానం వస్తోంది."

ఆట గురించేమో అనుకుని పైకి జరిపాను. మీ ఇద్దరి ఆరు నెలల కబుర్లున్నాయి. పెళ్లి మాటా ఉంది. ఆదివారాలు నా పక్కనే కూర్చుని ఆడే పిచ్చుక, నా తెర చూసి నీకు అందించిన సంగతులున్నాయి. ఇంకా పైన, నేను పరీక్ష తప్పిన రోజున అది నీకు రాసిన మాట, "ఏడుస్తోంది, ఒకసారి ఫోన్ చెయ్యి. నేను చెప్పానని అనకు" అని ఉంది.

మీరు ఇష్టపడినందుకు కాదన్నయ్యా. అడిగి ఉంటే అమ్మను ఒప్పించేదాన్ని. నువ్వు చదివావనుకున్న మనసును ఇంకొకరు చదివి వినిపించారని తెలిశాక, నాకెవరున్నారనిపించింది.

పిచ్చుక తిరిగొచ్చి, "ఏంటే, మొహం అలా ఉంది?" అంది.

"తలనొప్పి" అన్నాను.

ఇదంతా మీ తప్పు. ఇక నాది. "మనం ఇక మాట్లాడుకోవద్దు, కారణం అడగకు" అని నీకు వచ్చిన మాట పిచ్చుకది కాదు. అది చేతులు కడుక్కుని వచ్చేలోగా నేనే రాసి పంపి, దాని ఫోన్‌లో చెరిపేశాను. సాయంత్రం దానితో మాటల్లో మాటగా, "అన్నయ్యకు సంబంధం కుదిరిందే" అని అబద్ధం చెప్పాను. చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టి, "మంచిదే" అంది. నిజమా అని మీరిద్దరూ నన్ను అడగలేరు. మీ లెక్కలో మీ సంగతి నాకు తెలియదు కదా.

పిచ్చుక ఎలా ఉందని నీ ఉత్తరం అంచున ఇరికించి అడిగావు. బాగాలేదు. నిన్న ఒక పెద్దాయన కుడికన్ను కొలత ఎడమకంటికి రాసి, అందరి ముందూ యజమానితో చీవాట్లు తింది. నా కసి తీరుతుందనుకున్నాను. తీరలేదు.

ఈ ఉత్తరం అందగానే దానికి ఫోన్ చెయ్యి. నేను చేసింది దాచకుండా చెప్పు. నాకు మాత్రం కొన్నాళ్లు చెయ్యకు. చేసిన రోజున, ఎలా ఉన్నానో నన్నే అడుగు.

ఇట్లు,
నీ చెల్లి