బ్రౌన్‌పేపర్ కంప్యూటర్

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏంటని నొసలు ముడిచావా? ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఊఁ, సర్లే అక్కా" అని సగంలో పెట్టేస్తావు. కాగితం మీదైతే నీ మాట నీ చేతిరాతలో నా దగ్గరుంటుంది. రేపు "నేనలా అన్లేదే" అనడానికి వీల్లేదు. గోడ గడియారం విప్పి, మళ్ళీ బిగించాక మిగిలిన రెండు స్క్రూలు జేబులో దాచుకున్న ఘనుడివి నువ్వు. నీకు "స్క్రూ" అని పేరు పెట్టింది నేనే, మర్చిపోయావేమో!

అసలు సంగతి చెప్తా విను. మా బట్టల కార్ఖానాకి ఆసుపత్రి యూనిఫాంల ఆర్డరు వచ్చింది. చాలా పెద్దది. కటింగ్ నమూనాలన్నీ కంప్యూటర్లోనే గీసి పంపాలట. ఓనరు గారు నన్ను పిలిచి, "మాస్టరమ్మా, నలభై రోజులు టైమిస్తున్నాను. మీరూ మా అల్లుడూ ఒకే చొక్కాని పది సైజుల్లో ఎవరి మిషన్ మీద వాళ్ళు గీసి చూపించండి. నెగ్గినవాళ్ళే కటింగ్ మాస్టర్. ఓడితే మీకు దారాలు కత్తిరించే బల్ల దగ్గర చోటు ఎలాగూ ఉంటుంది" అన్నారు. ఎంత దయో చూడు!

ఆ బల్ల దగ్గరే నేను పంతొమ్మిదేళ్ళప్పుడు చేరాను. అక్కణ్ణించి కటింగ్ బల్ల దాకా రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఏభై రెండో ఏట మళ్ళీ అక్కడికి వెళ్ళి కూర్చోవడం నా వల్ల కాదురా. ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. మీ బావ స్కూటర్ కోసం దాచుకున్న డబ్బు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "నా కాళ్ళకేమైంది, నడుస్తాను" అన్నాడు.

సాయంత్రాలు కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి నేర్చుకుంటున్నాను కానీ, మౌస్ చేతికి పట్టుబడేసరికి "టైమైపోయింది ఆంటీ" అంటారు. సొంత కంప్యూటర్ కావాలి. షాపువాడు ఒక చీటీ రాసిచ్చాడు, ఇందులో పెడుతున్నాను. ఏడు రంగుల లైట్లు వెలుగుతాయట. లైట్లు చొక్కా చేతులు కత్తిరిస్తాయా? కంప్యూటర్ల షాపులో పనిచేసేవాడివి, నువ్వే చెప్పు, ఏం కొనాలో. ప్రతి దానికీ పొడుగు, వెడల్పు, ఎత్తు రాయి. కొలతల్లేకుండా నేను కత్తెర ముట్టను, పర్సూ తియ్యను.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

ఆ చీటీ చించి పారెయ్యి. ఆ లైట్లు సర్కస్ డేరాకి పనికొస్తాయి. ఆ చీటీలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే నీ డబ్బులో సగం మింగేస్తుంది. అది ఆటలాడే పిల్లలకి. నువ్వు గీసేవి గీతలు, అంతే.

బొమ్మ చూపించే భాగం తనలోనే ఉన్న ప్రాసెసర్ తీసుకో, దాన్ని కూర్చోబెట్టే బోర్డూ, చల్లబరిచే ఫ్యానూ కూడా. మోడళ్ళు ఈ కాగితం వెనక రాశాను. ప్రాసెసర్ కిందటేడాది రకం, చవగ్గా దొరుకుతుంది. షాపువాడు "పాతదండీ" అని మూతి విరుస్తాడు, విరవనీ. మెమరీ పదహారు జీబీ, ఒకటే పెద్దది కాకుండా రెండు ఎనిమిదులు. పాత రకం హార్డ్‌డిస్క్ వద్దు, ఎస్.ఎస్.డి. చిన్నదైనా సరే అదే. మానిటర్ సెకండ్‌హ్యాండ్‌ది కొను కానీ పెద్దది కొను. నీ కళ్ళద్దాల నంబరు నాకు తెలుసు.

ఒక్క చోట మాత్రం పిసినారితనం చెయ్యకు. పవర్ సప్లై, అంటే కరెంటుని అన్ని భాగాలకీ పంచే డబ్బా. చవకది పేలితే మిగతావాటినీ వెంట తీసుకుపోతుంది. ఇక అన్నీ బిగించే పెట్టె, అదే క్యాబినెట్, అన్నిటికన్నా చిన్నది తీసుకో. చవక, నీ గదిలో చోటూ కలిసొస్తుంది. నేను చెప్పినవన్నీ అందులో బ్రహ్మాండంగా పడతాయి.

కొలతలు అడిగావు. మా షాపులో ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు తల్లీ! సరే, మిల్లీమీటర్లతో సహా రాశాను. వాటితో ఏం చేస్తావో దేవుడికే తెలియాలి. బావకి చెప్పు, స్కూటర్ బాకీ నాదని.

నీ స్క్రూ


ఒరే ప్రియమైన స్క్రూ,

కొలతలతో ఏం చేశానో చెప్తాను. కార్ఖానాలో ఏ చొక్కాకి చేసినా ఇదే చేస్తాను. బ్రౌన్‌పేపర్ మీద నీ బోర్డూ, ఫ్యానూ, పవర్ సప్లై డబ్బా అన్నీ అసలు సైజులో గీసి, కత్తిరించి, ఎత్తున్నవాటిని పెట్టెల్లా మడిచి అంటించి, సంచిలో వేసుకుని షాపుకి వెళ్ళాను. నువ్వు చెప్పిన చిన్న క్యాబినెట్ మూత తీయించి ఒక్కొక్కటీ లోపల పరిచాను.

పట్టలేదు. వినపడిందా? పట్టలేదు!

బోర్డు అంచు గోడకి తగిలి ముడుచుకుంది. ఫ్యాను మీద మూత మూసుకోలేదు. షాపువాడు "పడుతుందండీ, నేను రోజూ బిగిస్తాను" అని ఒకటే గొడవ. చుట్టూ నలుగురు చేరి నా కాగితాలు చూసి నవ్వుతున్నారు. నవ్వనీ. ఇరవై రెండేళ్ళలో నా కాగితం నాకు అబద్ధం చెప్పలేదు. "మా తమ్ముడు చెప్పినా సరే, పట్టనిది పట్టదు" అని బయటికొచ్చేశాను.

వీధి చివర ఫొటో స్టూడియో మూసేస్తున్నారు. అక్కడ ఒక పాత ఇనప క్యాబినెట్ పడుంది, బీరువాకి చెల్లెల్లా. పాత ఇనుము రేటుకే ఇచ్చారు. నా ముక్కలన్నీ అందులో హాయిగా సర్దుకున్నాయి. మీ బావ భుజం మీద పెట్టుకుని మోసుకొచ్చి, "స్కూటర్ ఉంటే దీన్ని ఎక్కించేవాణ్ణి" అన్నాడు. మిగతా అన్నీ నువ్వు రాసినవే కొన్నాను. ఎలా బిగించాలో రాయి. నేనే బిగిస్తాను. ఇంకా ఇరవై ఆరు రోజులే.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

నాకు చాలా కోపంగా ఉంది. ఆ చిన్న క్యాబినెట్‌లో అవే భాగాలు ఈ చేతుల్తో పదకొండుసార్లు బిగించాను. పదకొండు! కాగితం ముక్కల్ని నమ్మి నన్ను నమ్మలేదా? ఆ ముక్కలు నాకు పోస్టులో పంపు, ఏ కొలత ఎక్కడ తప్పిందో తేలాలి. నాకు నిద్ర పట్టట్లేదు.

సెలవు అడిగాను, ఇవ్వలేదు. వచ్చి బిగించాలని ఎంత ఉందో నీకు చెప్పలేను. అందుకని విను. ముందు ఇనప పెట్టెని చేత్తో తాకు, ఒంట్లో ఉన్న చిల్లర కరెంటు పోతుంది. ప్రాసెసర్ మూలన చిన్న త్రికోణం ఉంటుంది, బోర్డు మీది త్రికోణం పక్కకి రావాలి. పైనుంచి వదిలితే దానంతటది కూర్చోవాలి. బలం పెట్టావో, పిన్ను వంగిందో, మన పని గోవిందా. దాని మీద వేడి లాగే పేస్టు బఠాణీ గింజంత చాలు, రొట్టెకి వెన్న పూసినట్టు పుయ్యకు. బోర్డు కింద ఇత్తడి కాళ్ళు మర్చిపోకు. మిగతాది బొమ్మలేశాను. నా బొమ్మలు చూసి నవ్వకు.

స్క్రూలు మిగిలితే జేబులో దాచుకోకు, నాకు చెప్పు.

నీ స్క్రూ


ప్రియమైన తమ్ముడికి,

బిగించేశాను! నేను! ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తిచేశాను. నీ బొమ్మల్లో ఫ్యాను కాకిలా ఉంది, అయినా అర్థమైంది.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, మానిటర్ మాత్రం నల్లగా గుడ్లు తేలేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీ బావ గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. స్కూటర్ డబ్బంతా ఆ పెట్టెలో ఉంది మరి. కరెంటు తీసేసి నీ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. బలం పెట్టకు అని నువ్వు ప్రాసెసర్‌కి రాస్తే, నేను పట్టుబట్ట ముట్టుకున్నట్టు అన్నిటినీ ముట్టుకున్నాను. మెమరీ ముక్కలు సగమే దిగాయి. బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాను. టక్! ఇంకోటి టక్! మళ్ళీ స్విచ్ వేస్తే తెర మీద అక్షరాలు! మీ బావ చప్పట్లు కొట్టాడు, నేను ఆ పెట్టెని ముద్దు పెట్టుకున్నాను. ఒక్క స్క్రూ మిగల్లేదు.

మా కార్ఖానాలో గాల్లోనే బట్టల నూగు తేలుతూ ఉంటుంది కదా, పరీక్ష అక్కడే కాబట్టి గాలి పోయే చోట్లకి మిగిలిపోయిన వలగుడ్డ బిగించి కుట్టాను. ఇప్పుడు రోజూ నాలుగు గంటలు సాధన. ఇంకా పద్దెనిమిది రోజులు. నువ్వడిగిన కాగితం ముక్కలు దీంతోపాటే పంపుతున్నాను. చూసుకుని లెంపలేసుకో.

నీ అక్క


ప్రియమైన మాస్టరమ్మ గారికి,

లెంపలు ఎవరు వేసుకోవాలో చెప్తాను, ముందు కూర్చో.

నీ ముక్కలు బల్ల మీద పెట్టి స్కేలుతో కొలిచాను. బోర్డు నేను రాసినదానికన్నా అంగుళం పెద్దది. ఫ్యాను అంగుళం పెద్దది. పవర్ సప్లై అంగుళం పెద్దది. ఏంట్రా ఇది అని తల బాదుకుంటుంటే, అంచుల చుట్టూ పెన్సిల్‌తో సన్నటి చుక్కల గీత కనిపించింది. ప్రతి ముక్కకీ, నాలుగు వైపులా, సరిగ్గా అరంగుళం లోపల.

అక్కా, కంప్యూటర్‌కి కుట్టుకి వదిలావా! బోర్డుకీ ఫ్యానుకీ కలిపి కుట్టు వేద్దామనా!

కుర్చీలోంచి కిందపడ్డాను నవ్వలేక. మా షాపంతటికీ తెలిసిపోయింది, ఓనరు కూడా వచ్చి ఆ చుక్కల గీత చూసి వెళ్ళాడు. ఆ పదకొండు క్యాబినెట్ల పరువు దక్కింది, నాకు నిద్ర పట్టింది. బీరువా చెల్లెల్ని అనవసరంగా మోసినందుకు బావకి నా సానుభూతి.

నిజం చెప్పనా? నవ్వయ్యాక కళ్ళు తుడుచుకున్నాను. ఆలోచించకుండానే నీ చెయ్యి గీసిన గీత అది. అంత పని తెలిసిన చేతిని దారాలు కత్తిరించడానికి ఎవడు పంపుతాడో నేనూ చూస్తాను. పరీక్ష కాగానే రాయి.

నీ స్క్రూ


ప్రియమైన నా స్క్రూకి,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చాను. మీ బావ మూడు రోజులు నన్ను చూసినప్పుడల్లా నవ్వాడు. ఇప్పుడు నేను నవ్వుతున్నాను, నువ్వు విను.

నిన్న పరీక్ష. కటింగ్ హాల్లో, ఇస్త్రీ బల్లల పక్కన రెండు టేబుళ్ళు వేశారు. మధ్యాహ్నానికి అక్కడ నిలబడితే మనుషులే ఉడికిపోతారు. అల్లుడుగారి కంప్యూటర్ పుస్తకమంత సన్నగా, తళతళలాడుతూ ఉంది. నెల రోజులుగా ఆయన దాన్ని ఆ హాల్లోనే వాడుతున్నారట. నా ఇనప్పెట్టెని చూసి, "ఇందులో బట్టలు కూడా ఉతుకుతారా మాస్టరమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల దించుకుని మొదలుపెట్టాను.

చేతి వేగంలో ఆయనే ముందు, ఉన్నమాట చెప్పాలి. నేను ఆరో సైజులో ఉంటే ఆయన పది పూర్తి చేశారు. చివరి పని మిగిలింది, ముక్కలన్నీ తక్కువ గుడ్డలో పట్టేలా పరచడం. ఆ బటన్ నొక్కితే కంప్యూటర్ వేల రకాలుగా పరిచి చూస్తుంది, దానికి చెమట పట్టేది అప్పుడే. అల్లుడుగారు నొక్కారు. పెట్టె హోరుమంది, టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఆరింది. మూడోసారి ఓనరు గారు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మూత తీస్తే, గాలి పోయే సందులన్నీ నూగుతో దిండులా కూరుకుపోయి ఉన్నాయి.

నాది? పది సైజులూ పూర్తిచేసి, వలగుడ్డ మీద నూగు దులిపాను, నొక్కాను. లోపల చుట్టూ బోలెడంత చోటు, గాలి హాయిగా తిరిగింది. ఒక్కసారి కూడా ఆగలేదు, ఒరే, ఒక్కసారి కూడా! నువ్వు చెప్పిన చిన్న క్యాబినెట్‌లో, ఆ వేడిలో ఏమయ్యేదో నువ్వే చెప్పు. కంప్యూటర్ పరిచింది చూశాను. చొక్కా చేతుల ముక్కల మధ్య ఒక సందు వృథాగా వదిలేసింది. మౌస్‌తో కాలర్ ముక్క లాగి, తిప్పి, ఆ సందులో పడుకోబెట్టాను. ఒకదాని మీద ఒకటి పరిచి కత్తిరించే గుడ్డలో పొరకి జానెడు మిగిలింది. ఓనరు గారు టేపు తెచ్చి రెండుసార్లు కొలిచారు.

తర్వాత దారాలు కత్తిరించే బల్ల వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "కటింగ్ మాస్టర్ మారట్లేదు" అన్నారు. ఆ బల్ల దగ్గరి ఆడవాళ్ళు లేచి చేసిన గోలకి ఇస్త్రీవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. అల్లుడుగారు మంచివారే, దగ్గరికొచ్చి "కాలర్ అలా తిప్పడం నాకు నేర్పిస్తారా?" అని అడిగారు. రేపు ఆయనకి మొదటి పాఠం.

ఇంకొకటి. కార్ఖానాకి ఐదు కంప్యూటర్లు కావాలట. భాగాలు ఎవరు ఎంచుతారని ఓనరు గారు అడిగారు. మా తమ్ముడని చెప్పాను. నీకు కూలీ, దారి ఖర్చులూ ఆయనే ఇస్తారు. దాంతో స్కూటర్ బాకీ తీరుద్దువుగాని, బావ ఇప్పుడే రంగు ఎంచుతున్నాడు.

ఈసారి సెలవు ఇవ్వకపోతే మీ ఓనరుతో నేను మాట్లాడతాను. భాగాల చీటీ రాసుకుని రా. కొలతలు మాత్రం నేనే గీస్తాను, నాలుగు వైపులా అరంగుళం వదిలి.

నీ అక్క,
కటింగ్ మాస్టర్